గంగామణి కారం ఎవరిదో నాకు తెలుసు

ఆరేళ్లు ఒక అబద్ధాన్ని మోశాను. దాన్ని రాసిందీ నేనే, నమ్మించిందీ నేనే. కడుపులో పెట్టుకుని ఇన్నాళ్లూ అన్నం తిన్నాను, నవ్వాను, నలుగురి పెళ్లిళ్లకు వెళ్లి అక్షింతలు వేసి వచ్చాను. ఎవరికీ అనుమానం రాలేదు. ఎవరైనా ఒక్కరు అనుమానించి ఉంటే ఇంత బరువు ఉండేది కాదేమో.

ముందే చెబుతున్నాను, ఏడవను. క్షమించమని మిమ్మల్ని అడగను కూడా. మీకెందుకు చెబుతున్నానంటే, మీరు నాకు తెలియదు కాబట్టి. తెలిసినవాళ్లకు చెబితే సగంలో అడ్డం వచ్చి "పోనీలే, అయిందేదో అయింది" అంటారు. ఆ పోనీలే నాకు వద్దు. చివరిదాకా వినండి. ఆ తర్వాత నన్ను ఏమనుకుంటారో మీ ఇష్టం.

మాది బాన్సువాడ. బస్టాండు దగ్గర నాకొక కంప్యూటర్ దుకాణం ఉంది. పెళ్లి పత్రికలు, ఫ్లెక్సీలు, లేబుళ్లు, ఆన్‌లైన్ దరఖాస్తులు. నిజామాబాద్‌లో డిజైన్ పని నేర్చుకుని వచ్చి, ఆడపిల్లకు దుకాణమేందని మూతి విరిచినవాళ్ల పుట్టినరోజు ఫ్లెక్సీలే వేసి నిలబడ్డాను. తర్వాత అందరికీ వెబ్‌సైట్ల పిచ్చి పట్టిన రోజులు వచ్చాయి. విత్తనాల దుకాణానికి వెబ్‌సైటు, ఫంక్షన్ హాలుకు వెబ్‌సైటు, మా పక్క గల్లీలో కుట్టు మిషన్ నేర్పే ఆపాకూ ఒక వెబ్‌సైటు. వాళ్లలో ఎవరికీ ఈమెయిల్ ఉండేది కాదు. ఆన్‌లైన్‌లో కట్టడానికి కార్డు ఉండేది కాదు. అందుకని ఎవరి వెబ్‌సైటు పేరు కొన్నా నా ఈమెయిల్ మీదే కొనేదాన్ని. "గవన్నీ నీ దగ్గర్నే ఉండనియ్ బిడ్డా, మాకేం సమజైతది" అని, పక్కింట్లో తాళంచెవి ఇచ్చి ఊరికి పోయినట్టు పోయేవాళ్లు. కాగితాల లెక్కన ఆ పేర్లన్నిటికీ యజమానిని నేనే. ఊళ్లో ఈ సంగతి పూర్తిగా అర్థమైంది నాకొక్కదానికే.

గంగామణి అక్క అలాగే వచ్చింది. మహమ్మద్ నగర్ దగ్గరి పల్లె వాళ్లది. మొగుడు వర్ని వైపు కోత మిషన్ల మీద పనికి పోతాడు. ఆమె ఇంట్లో రోట్లో ఎల్లిపాయ కారం దంచి మా ఊరి వారపు అంగడిలో అమ్మేది. మొదట్లో పాత పేపరు పొట్లాలు, తర్వాత ప్లాస్టిక్ కవర్లు. అన్నంలో ఒక్క ముద్ద కలుపుకుంటే ఇంకే కూరా అక్కర్లేదు, అట్లాంటి చెయ్యి ఆమెది. కవర్ల మీద అంటించడానికి లేబుల్ కావాలని నా దుకాణానికి వచ్చింది. పేరేమి పెడదామంటే, తన పేరే పెట్టమంది. ఏదైనా దేవుడి పేరు పెడితే బాగా పోతుందని సలహా ఇచ్చాను. అప్పుడామె అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

"పాసుబుక్కు మీద మీ బావ పేరున్నది. ఇంటి మీద అత్త పేరున్నది. కరెంటు బిల్లు మీద సచ్చిపోయిన మామ పేరున్నది. దీని మీదనన్న నా పేరుండనియ్ చెల్లె."

నవ్వుతూనే అంది. కానీ ఆ నవ్వు నవ్వు కాదని నాకు అప్పుడే అర్థమైంది. గుర్తుంచుకోండి, నాకు అర్థమైంది. అర్థమయ్యాకే మిగతాదంతా చేశాను.

బొమ్మ కోసం ఆమె గుడ్డ సంచిలోంచి ఒక కొయ్య ముద్ర తీసింది. కళ్లంలో వడ్లు కొలవక ముందు కుప్ప చుట్టూ బూడిదతో వేసే ముద్ర. రాత్రికి రాత్రి ఎవరైనా ఒక్క దోసెడు తీసినా ముద్ర చెదిరి దొంగతనం బయటపడుతుంది. వాళ్ల అత్తగారి ఇంట్లో ఎన్ని తరాల నుంచి ఉందో, ఒక పక్క మొత్తం అరిగిపోయింది. ఏవో నాలుగు గీతలు, మధ్యలో చందమామలాంటి వంపు. స్కాన్ చేస్తే నల్లటి మరక తప్ప ఏమీ రాలేదు. పదకొండు రోజులు కూర్చున్నాను దానితో. విరిగిన గీతల్ని తీసేశాను, వంపును సాగదీసి మిరపకాయ చేశాను, చుట్టూ బూడిద చల్లినట్టు చుక్కలు పెట్టి, ఎంత చిన్నగా అచ్చు వేసినా కనిపించేలా కుదిర్చాను. నా బతుకులో నేను గీసిన మంచి బొమ్మ అదొక్కటే. మిగతావన్నీ గులాబీలూ నెమళ్లూ, ఎక్కడో దొరికినవి తెచ్చి అతికించినవి.

లేబుల్ చూసి అక్క మురిసిపోయింది. పెద్ద కంపెనీల డబ్బాల మీద ఉన్నట్టు ఆర్ అక్షరం చుట్టూ చిన్న సున్నా పెట్టమంది. ట్రేడ్‌మార్క్ రిజిస్టర్ అయితేనే అది పెట్టుకోవాలని, ఊరికే పెడితే తప్పని చెప్పాను. మరి చేపియ్యమంది. చేయిద్దాంలే అన్నాను. చేయించలేదు. ఇది కూడా తప్పే, కానీ చిన్న తప్పు. దుకాణదారులందరూ రోజుకు నాలుగుసార్లు చేసే తప్పు. దీన్ని పెద్దది చేసి అసలుదాన్ని దాచను.

వెబ్‌సైటు పెట్టాం. ఏడాది తిరిగేసరికి హైదరాబాద్ నుంచి ఆర్డర్లు. అక్క పొద్దున్నే డబ్బాలు తెచ్చి బస్సు కార్గోలో వేసి, నా దుకాణంలో చాయ్ తాగి, అప్పుడు అంగడికి పోయేది. ఇద్దరం బాగానే ఉన్నాం. అక్కడితో ఆగిపోయి ఉంటే ఈ కాగితం మీకు రాయాల్సిన పని ఉండేది కాదు.

కామారెడ్డిలో మహిళా సంఘాల ప్రదర్శన పెట్టారు. అక్క స్టాలు దగ్గరికి ఒక అధికారిణి వచ్చి, కారం సంగతి వదిలేసి, బొమ్మ చాలా బాగుంది, ఎవరు వేశారు అని అడిగింది. నేను అక్క వెనకాలే ఉన్నాను, చేతుల్లో అట్టపెట్టెలు. అక్క చెప్పింది: "మా ఇంటి ముద్రనే మేడం. గీ పిల్ల కంప్యూటర్ల ఎక్కిచ్చింది, గంతే."

గంతే.

అరికాలి మంట నెత్తికెక్కింది. పదకొండు రోజులు గంతే అయిపోయాయి. ఆమె కావాలని అన్నదా? కాదు. ఆమె కంటికి అది అత్తగారి ముద్రే, నా గీత వేరుగా కనబడదు. ఈ మాట ఇప్పుడు పెద్దమనసుతో చెబుతున్నది కాదు, ఆరోజే తెలుసు నాకు, తిరుగు బస్సులో ఆమె నాకు కిటికీ పక్క సీటు ఇచ్చి, తన సద్ది విప్పి సగం నా చేతిలో పెట్టినప్పుడు కూడా తెలుసు, తెలిసి కూడా ఆ సద్ది తింటూ, లోపల ఆమె మీద పళ్లు నూరుకున్నాను. అక్కా, అది నేను గీసిన బొమ్మ అని ఒక్క మాట అనలేకపోయానా? అని ఉంటే ఆమె నాలుక కరుచుకుని, నిజమే చెల్లె అనేది. ఆ ఒక్క మాట ఎందుకు అనలేదో ఎంత ఆలోచించినా నాకు తెలియదు.

రెండు నెలలు కాకముందే ఒక సేటు వచ్చాడు. నిజామాబాద్‌లో మసాలా పొట్లాల వ్యాపారం. ముందు అక్క దగ్గరికే పోయాడట. కారం ఎంతైనా దంచి ఇస్తాను గానీ పేరు ఇవ్వనని ఆమె తెగేసి చెప్పిందట. అప్పుడు నా దగ్గరికి వచ్చాడు. కుర్చీలో కూర్చున్నాడో లేదో, ఈ బొమ్మ గీసింది మీరేనట కదా మేడం, మీ చేతికి దండం పెట్టాలె అన్నాడు. చూశారా, ఏ తలుపు తట్టాలో వాడికి తెలుసు. ఎవరు చెప్పారో తెలియదు. నా ముఖం మీదే రాసి ఉందేమో.

వాడికి రెండు కావాలి. ఒకటి, గంగామణి కారం వెబ్‌సైటు పేరు వాడి సంస్థకు మార్చాలి. రెండు, ఆ పేరుతో లేబుళ్లు వాడి సంస్థే మూడేళ్లుగా నా దగ్గర అచ్చు వేయిస్తున్నట్టు పాత తారీఖులతో బిల్లులు ఇవ్వాలి. ట్రేడ్‌మార్క్‌కు దరఖాస్తు పెట్టేటప్పుడు, ఫలానా రోజు నుంచి ఈ పేరు మేమే వాడుతున్నామని ప్రమాణపత్రం ఇవ్వాలి, దానికి సాక్ష్యాలు జత చేయాలి. పేరు ముందు ఎవరు వాడారన్నదే అక్కడ ముఖ్యం. అందుకే వాడికి నా పాత బిల్లులు కావాలి.

తెలియక చేశాను అని రాయాలని చెయ్యి లాగుతోంది. రాయను. ఒక్క మధ్యాహ్నంలో చేశాను, పూర్తి తెలివితో చేశాను. అటక మీదున్న పాత బిల్లు పుస్తకం దించాను. దాంట్లో చివరి కాగితాలు ఖాళీగా ఉన్నాయి. మూడేళ్ల బిల్లులు ఒకే సిరాతో ఉంటే పట్టుబడతామని నాలుగు రకాల పెన్నులు మార్చాను. కొన్నిటి మూలలు మడిచాను. ఒకదాని మీద చాయ్ కప్పు పెట్టి తీశాను. దొంగపనిలోనూ నా పనితనం చూపించుకున్నాను, ఇంకేం చెప్పమంటారు. వెబ్‌సైటు పేరు మార్చడానికి రెండు నిమిషాలు పట్టలేదు. నా ఫోనుకు వచ్చిన అంకెలు చదివి చెప్పాను, అయిపోయింది.

డబ్బు తీసుకున్నావా అంటారు. పైసా తీసుకోలేదు. తీసుకుని ఉంటే మీకు తేలిగ్గా అర్థమయ్యేది, అవసరానికి చేసింది పాపం అనుకునేవాళ్లు. అవసరమేమీ లేదు నాకు. కసి ఉంది, అది తీర్చుకున్నాను.

ఆర్డర్లు ఎందుకు రావడం లేదని అక్క అడిగితే సర్వర్ చెడిపోయిందన్నాను. నాలుగు నెలల తర్వాత ఒకనాడు, అంగడికి పోయే దారిలో, కొంగు ముడి విప్పి ఒక కవరు నా బల్ల మీద పెట్టింది. వకీలు నోటీసు. మొత్తం ఇంగ్లీషు.

"ఏందో వచ్చింది చెల్లె. జర సదువు."

చదివాను. గంగామణి కారం అనే పేరూ బొమ్మా తమవని, ట్రేడ్‌మార్క్ జర్నల్‌లో ప్రచురితమయ్యాయని, పదిహేను రోజుల్లో వాడకం ఆపకపోతే దావా వేస్తామని రాశారు. వాళ్లు రాయనిది నాకు తెలుసు. జర్నల్‌లో అచ్చయిన నాటి నుంచి నాలుగు నెలల లోపు ఎవరైనా అభ్యంతరం పెట్టవచ్చు. అప్పటికి నెలన్నరే గడిచింది. అక్క మొదటిరోజు తెచ్చిన ముద్ర స్కాను, నేను గీసిన మొదటి గీత, మొదటి లేబుల్, అన్నీ తారీఖులతో సహా నా కంప్యూటర్‌లో ఉన్నాయి. చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉన్నాయి.

"ఏమున్నదే గందుల?"

"రూలు మారిందట అక్కా. గీ పేరు వేరే కంపెనీకి ఇచ్చిన్రట. మనం వాడొద్దని రాసిన్రు."

"నా పేరు వాళ్లకెట్లిస్తరు?"

"నీ పేరు నీదే. కారం మీద వెయ్యొద్దు, గంతే."

ఆ మాట నా నోట్లోంచి వచ్చింది. ఎక్కడ దాచుకున్నానో, సరిగ్గా సమయానికి వచ్చింది. ఆమెకు గుర్తు లేదు. నాకు మాత్రం గెలిచినట్టే అనిపించింది, ఒక్క క్షణం.

"ఏమన్న చేసేదున్నదా మరి?"

"ఏం లేదక్కా."

"జల్ది చెప్పకు. ఇంకొక్కపారి నిమ్మళంగ సదువు."

మళ్లీ కాగితం ఎత్తాను. మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా కళ్లు కదిలించాను. చదవలేదు. చదువుతున్నట్టు పెదవులు కూడా కదిలించాను. ఆమె నా ముఖం వైపే చూస్తూ నిలబడింది.

"ఏం లేదు."

ఆమె నోటీసు మడిచి కొంగున కట్టుకుంది. "నువ్వే లేదన్నంక ఇగ లేనట్టే" అంది. మంచినీళ్లు అడిగి తాగింది. మిగిలిన లేబుళ్ల కట్ట కనబడితే, ఇయ్యి, పిల్లలు నోటుబుక్కులకు అతికిచ్చుకుంటరు అని తీసుకుపోయింది.

దొంగ బిల్లులు రాసినరోజు నాకు నిద్ర పట్టింది. నోటీసు చదివిన రోజు పట్టలేదు. బిల్లులు సేటు కోసం, కోపంలో రాశాను. ఇది నన్ను నమ్మి వచ్చిన మనిషి ముఖంలోకి చూసి చేశాను. ఆమెకు ఇంగ్లీషు చదివిపెట్టే మనిషి ఈ లోకంలో నేనొక్కదాన్నే. ఇంకా రెండున్నర నెలలు ఉన్నాయి కదా, రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకున్నాను. ప్రతి సోమవారం ఆ దరఖాస్తు ఏ స్థితిలో ఉందో తెరిచి చూసేదాన్ని. అభ్యంతరాలు లేవు, అభ్యంతరాలు లేవు. గడువు దాటింది. రిజిస్టర్ అయింది. అక్క అడిగిన ఆ చిన్న సున్నా వచ్చింది, సేటు పొట్లాల మీద.

అక్క ఏ పేరూ లేని కవర్లలో పోసి కొన్నాళ్లు అంగడిలో కూర్చుంది. ఈలోపు సేటు పొట్లాలు బాన్సువాడ కిరాణా దుకాణాల్లో వేలాడాయి. రంగు తప్ప అందులో కారం లేదు, కానీ పేరుంది. ఒకరోజు నేను కూరగాయలు కొంటుండగా విన్నాను. ఎవరో చదువుకున్న అమ్మాయి అక్క ముందు కూర్చుని కవరు ఎత్తి చూసి, "ఇది గంగామణి కారానికి డూప్లికేటా?" అని అడిగింది. అక్క కవరు తీసుకుని పక్కన పెట్టుకుంది. ఆ తర్వాత అంగడికి రావడం మానేసింది. నాట్లకు పోతోందని తెలిసింది.

ఇక బొమ్మ సంగతి. ఇక్కడ మీరు నన్ను వంగమంటే వంగను. ఆ బొమ్మ నాదే. అరిగిపోయిన కొయ్యలోంచి దాన్ని బయటికి లాగినవి నా చేతులు. నా పేరు చెప్పకపోవడం అక్క తప్పే, కోర్టులోనైనా ఆమె ముందైనా ఇదే అంటాను. కానీ ఆ తప్పుకు ఆమె పేరు లాక్కునే హక్కు నాకెవరిచ్చారు? బొమ్మ నాదైతే బొమ్మ కోసం కొట్లాడాలి. ముఖాముఖి కొట్లాడే ధైర్యం లేక చాటున గొంతు కోశాను. నా కోపం నిజం, నేను చేసింది నీచం. రెండిటినీ కలిపి ఒకటి చేసి, ఒకదానితో ఇంకొకదాన్ని కడిగేయాలని ఆరేళ్లు చూశాను, కుదరలేదు.

పోయిన నెలలో సేటు వకీలు మనిషి వచ్చాడు. ఎక్కడో ఇంకో కంపెనీవాళ్లు ఆ బొమ్మను కాపీ కొట్టారట, కేసు వేస్తున్నారట. బొమ్మ గీసినవాళ్ల సంతకం కావాలట. కాగితం నా ముందు పెట్టాడు. ఈ కళాకృతిని సృష్టించినవారు అని, ఆ పక్కన నా పూర్తి పేరు, లావు అక్షరాల్లో. ఇన్నేళ్లకు నా పేరు ఆ బొమ్మ పక్కన చూశాను. సంతోషం వేసింది. సిగ్గులేదా అంటారా, వేసింది, ఏం చేయను. తర్వాత కిందికి చదివాను. సంస్థ కోరిక మీద ఫలానా తారీఖున గీసి ఇచ్చానట. ఆ తారీఖు, అక్క నా దుకాణం మెట్టు ఎక్కకముందు మూడేళ్ల నాటిది. ఆ ముద్ర నేను చేత్తో పట్టుకోకముందుది. అంటే నా పేరు ఉండాలంటే గంగామణి అసలు నా దగ్గరికి రానే లేదని నేను సంతకం పెట్టాలి.

పెట్టనన్నాను. వాడు నవ్వి, మీ చేతిరాత బిల్లులు మా దగ్గర ఉన్నాయి మేడం, ఆలోచించుకోండి అన్నాడు. ఉంటే ఉండనీ, ఎవరికి చూపించుకుంటావో చూపించుకో అని లేచి నిలబడ్డాను. ఆరేళ్లలో నేను తలెత్తి అన్న మొదటి మాట అది.

మర్నాడే స్టాంపు కాగితం మీద నా సొంత ప్రమాణపత్రం రాశాను. ఆ బిల్లులు దొంగవని, వెబ్‌సైటు పేరు గంగామణి కోసం కొన్నదని, బొమ్మకు మూలం ఆమె ఇంటి ముద్ర అని. పాత ఫైళ్లన్నీ జత చేసి నోటరీ చేయించాను. ఒకటి ట్రేడ్‌మార్క్ ఆఫీసుకు పంపాను. ఇంకొకటి తీసుకుని ఆటో ఎక్కి మహమ్మద్ నగర్ దిక్కు పోయాను.

అక్క అప్పుడే పొలం నుంచి వచ్చింది, కాళ్లకు బురద. అంతా చెప్పాను. బిల్లులు, సేటు, సర్వర్ చెడిపోయిందన్న అబద్ధం, నోటీసు, దాచిన నాలుగు నెలల గడువు. కామారెడ్డి మాట కూడా చెప్పాను. ఆమె వాకిట్లో నిలబడే విన్నది. కూర్చోమనలేదు. తిట్టలేదు. అంతా అయ్యాక ఒక్కటే అడిగింది.

"గప్పుడే చెప్తే ఆగుతుండెనా?"

"ఆగుతుండె అక్కా."

కాగితాలు తీసుకుంది. "ఇగ పో" అని లోపలికి వెళ్లింది. నేను రోడ్డు దాకా నడిచి వచ్చాను. ఏం ఆశించి వెళ్లాను? చెంప మీద ఒకటి కొడితే బాగుండనిపించింది. అదీ ఆమె ఇవ్వలేదు, ఇవ్వాల్సిన పనీ లేదు.

ఆమె బిడ్డ డిగ్రీ చదువుతోంది. నాలుగు రోజులకు ఫోను చేసి దరఖాస్తు నంబరు అడిగింది, రాసుకుంది, పెట్టేసింది. రిజిస్ట్రేషన్ రద్దు కోసం వకీలును చూసుకున్నారని బయట విన్నాను. గెలుస్తారో లేదో తెలియదు. గెలిచినా ఆరేళ్ల అంగళ్లు తిరిగి రావు. నా మీద కేసు పడవచ్చు. ఊళ్లో సంగతి పాకింది. రోజూ ఎవరో ఒకరు వచ్చి, నా ముఖం చూడకుండా, మా వెబ్‌సైటు మా పేరు మీదికి మార్చు అంటున్నారు. మారుస్తున్నాను, ఒక్కొక్కరికీ దగ్గర కూర్చుని ఈమెయిల్ తెరిచి ఇస్తున్నాను. వాళ్లది వాళ్లు తీసుకుపోవడమే మంచిది.

ఇక్కడ నా పేరు రాయలేదు. ఆ స్టాంపు కాగితం మీద రాశాను, ఇంటి నంబరుతో సహా. మీకెందుకు మరి చెప్పినట్టు? అక్కడ రాయడానికి చోటు లేని మాటలు ఇక్కడ రాశాను, ఆ సద్ది సంగతి, పెదవులు కదిలించిన సంగతి, నా పేరు చూసుకుని మురిసిన సంగతి. తేలికగా ఉంది. తేలికపడే అర్హత నీకుందా అని మీరు అడగవచ్చు. నేను మాత్రం అడగడం లేదు.

పిలిస్తే బోనెక్కుతాను. ఆ బొమ్మ గీసింది నేను. ఆ పేరు గంగామణిది. ఆ తారీఖులు అబద్ధం, వాటిని రాసిన చెయ్యి నాది. మూడూ చెబుతాను, ఒక్కటి కూడా తగ్గించను.